గ్రహాంతర మేధ ఏ రూపంలో ఉండొచ్చు? ముఖం సంగతి తర్వాత, ముందు వేడి లెక్క

అడిగింది ఇదీ: మనకన్నా లక్షల ఏళ్ళు ముందున్న గ్రహాంతర మేధ అంటూ ఉంటే అది ఎలా ఉంటుంది? బొమ్మల్లో వేసే పెద్ద తల, నల్ల కళ్ళ ఆకారమా, యంత్రమా, మన ఊహకే అందనిదా? ఊహకే అందనిదైతే మరి శాస్త్రవేత్తలు దేన్ని వెతుకుతున్నారు?

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబితే మిగతావి తేలికవుతాయి. వెతుకుతున్నది వేడిని. ఆలోచించే వస్తువు ఏదైనా సరే, మెదడైనా చిప్ అయినా, ఎక్కడినుంచో శక్తి తీసుకోవాలి, పనయ్యాక దాన్ని వేడిగా బయటికి వదలాలి. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పనిచేసేవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. దీనికి కాంతి వేగం అనే రెండో కట్టుబాటు కలపండి. ముఖం ఎలా ఉంటుందో తెలియకపోయినా ఎంత పెద్దగా ఉండొచ్చు, ఎంత చల్లగా ఉండొచ్చు, ఒక్కటిగా ఉండగలదా లేదా అన్నవి కాగితం మీద లెక్కకట్టొచ్చు.

ఒంటి సంగతి తొందరగా ముగిద్దాం. భూమ్మీద కెమెరా లాంటి కన్ను వెన్నెముక ఉన్న జీవుల్లోనూ ఆక్టోపస్ వంశంలోనూ విడివిడిగా పుట్టింది. రెక్కలతో ఎగరడం నాలుగుసార్లు వచ్చింది: కీటకాలు, టెరోసార్లు, పక్షులు, గబ్బిలాలు. పదేపదే పుట్టినవి వేరేచోట కూడా పుట్టొచ్చు. మన ముఖం, మన చేయి, రెండు కాళ్ళ నడక కలిసిన రూపం మాత్రం ఒక్కసారే వచ్చింది కాబట్టి అది మళ్ళీ ఎదురవుతుందని ఆశించడానికి కారణం లేదు. పరికరాల దాకా రావాలంటే నిప్పు కావాలి. గాలిలో ఆక్సిజన్ 16 శాతం దగ్గరికి పడిపోతే మామూలు మంట నిలవడమే కష్టం. ఆక్టోపస్‌కు 50 కోట్ల న్యూరాన్లున్నాయి, వాటిలో మూడింట రెండొంతులు చేతుల్లోనే ఉన్నాయి. అంత తెలివీ నీళ్ళలోనే ఉంది, నీళ్ళలో కొలిమి పెట్టలేం. సముద్ర గ్రహాల్లో తెలివి ఉండొచ్చు గానీ దాని చేతిలో టెలిస్కోప్ ఉంటుందనుకోవడం కష్టం.

అసలు ఈ ఒంటి దశ ఎంతకాలం ఉంటుంది? రేడియో మన చేతికొచ్చి 130 ఏళ్ళు. ఈలోపే లెక్కలు చేసే యంత్రాలు వచ్చేశాయి. చార్లెస్ లైన్‌వీవర్ 2001లో వేసిన అంచనా ప్రకారం, విశ్వంలో భూమిలాంటి రాతి గ్రహాలు సగటున మన భూమికన్నా 180 కోట్ల ఏళ్ళు పెద్దవి, అటూ ఇటూ 90 కోట్లు. 180 కోట్లను 130తో భాగిస్తే దాదాపు కోటీ నలభై లక్షలు. అంటే మనకు ఎవరైనా తగిలితే, వాళ్ళు కూడా సరిగ్గా మనలాంటి దశలోనే తగలడం లాటరీ తగలడం కన్నా కష్టం. చరిత్రకారుడు స్టీవెన్ డిక్ 2003లో ఈ వాదనకు ఒక రూపం ఇచ్చాడు: తెలివిని పెంచుకునే అవకాశం దొరికిన ఏ సమాజమైనా దాన్ని పెంచుకుంటూనే పోతుంది, కాబట్టి పాత సమాజాల్లో ఎక్కువ భాగం జీవశరీరం దాటిపోయి ఉంటాయి. ఇది రుజువు కాదు, సంభావ్యత మాత్రమే. అయినా పందెం కాయమంటే ఇటే కాయాలి.

ఇక్కడ "యంత్రం" అనగానే ఇనుప మనిషి గుర్తొస్తే దాన్ని పక్కన పెట్టండి. పొదుపులో మన మెదడే గొప్పది: 8,600 కోట్ల న్యూరాన్లు, 20 వాట్లు. ఈనాటి పెద్ద ఏఐ చిప్ ఒక్కటే 700 వాట్లు, ఆ పైన తాగుతుంది. మెదడు ఓడిపోయేది వేరేచోట. న్యూరాన్ సెకనుకు కొన్ని వందలసార్లు మాత్రమే స్పందించగలదు, సంకేతం నరంలో సెకనుకు 100 మీటర్ల చిల్లర దాటదు, కాపీ తీయలేం, ఆపి మళ్ళీ మొదలుపెట్టలేం, రేడియేషన్‌కు ఓర్చుకోదు. ఈ ఐదూ సరిచేసిన పదార్థం ఏదైనా మన లెక్కకి "యంత్రం" కిందే వస్తుంది. అది సిలికాన్ కావచ్చు, ప్రయోగశాలలో పెంచిన కణజాలం కావచ్చు.

ఇప్పుడు వేడి లెక్క. 1961లో భౌతిక శాస్త్రవేత్త రోల్ఫ్ లాండావర్ ఒక హద్దు గీశాడు: ఒక్క బిట్ సమాచారం చెరిపితే కనీసం ఇంత శక్తి వేడిగా పోవాల్సిందే. గది ఉష్ణోగ్రత దగ్గర, 300 కెల్విన్ అనుకుంటే, అది 2.9 × 10⁻²¹ జౌళ్ళు. మన చిప్‌లు ఈ హద్దుకు వేల రెట్లకు పైనే వేడి వదులుతున్నాయి కాబట్టి మనకింకా దీని సెగ తగల్లేదు. ముందున్నవాళ్ళకి తగులుతుంది. హద్దు ఉష్ణోగ్రతతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. చల్లగా ఉంటే అదే శక్తితో ఎక్కువ ఆలోచించొచ్చు.

"అయితే వీలైనంత చల్లగా ఉంటే సరి" అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. వేడి వదలడానికి అంతరిక్షంలో ఫ్యాన్ లేదు, నీళ్ళు లేవు. డేటా సెంటర్ల కప్పు మీద కనిపించే కూలింగ్ టవర్లకి అక్కడ చోటే లేదు. ఉన్నది ఒక్కటే దారి, ఒంటి ఉపరితలం నుంచి పరారుణ కాంతిగా వదలడం. ఆ వదిలే రేటు ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో మారుతుంది. ఉష్ణోగ్రత సగం చేస్తే ఆలోచన రెట్టింపవుతుంది, కానీ అదే వేడిని వదలడానికి 16 రెట్లు విస్తీర్ణం కావాలి.

అంకెలు వేసి చూద్దాం. ఒక సమాజం తన నక్షత్రం కాంతినంతా పట్టుకుంటుందనుకోండి. 1960లో భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ సైన్స్ పత్రికలో చెప్పింది ఇదే. సూర్యుడి సంగతైతే 3.8 × 10²⁶ వాట్లు. భూమి దూరంలో, అంటే 15 కోట్ల కిలోమీటర్ల దగ్గర, సూర్యుణ్ణి పూర్తిగా కమ్మేసి వేడినంతా బయటి వైపుకే వదిలితే ఆ పొర 394 కెల్విన్ దగ్గర నిలుస్తుంది. సెల్సియస్‌లో 121. నీళ్ళు మరుగుతాయి. మన ప్రాసెసర్లు 100 దగ్గరే వేగం తగ్గించుకుంటాయి, కాబట్టి భూమి దూరం పనికిరాదు. దూరం రెట్టింపు చేస్తే 279 కెల్విన్, 6 డిగ్రీల సెల్సియస్. ఇది బాగుంది. డైసన్ కూడా ఇంచుమించు ఆ దూరాన్నే ఎంచుకున్నాడు. అక్కడ బిట్‌కు 2.7 × 10⁻²¹ జౌళ్ళ లెక్కన సెకనుకు 10⁴⁷ బిట్‌లకు పైగా చెరపొచ్చు.

సరుకు ఎక్కడిది? బుధగ్రహం బరువు 3.3 × 10²³ కిలోలు. దాన్ని మొత్తం పిండి చేసి రెట్టింపు దూరంలో పరిస్తే చదరపు మీటరుకు 290 గ్రాములు వస్తుంది. నాలుగు జిరాక్స్ కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత బరువు. సౌరఫలకం, లెక్కలు చేసే భాగం, వేడి వదిలే రెక్క, దారి మళ్ళించే ఏర్పాటు అన్నీ ఆ నాలుగు కాగితాల బరువులోనే ఇమడాలి. కష్టమే గానీ అసాధ్యం కాదు.

ఇప్పుడు ఆశకు పోయి 30 కెల్విన్‌కు దిగుదాం. పొరని భూమి దూరానికి 172 రెట్లు అవతలికి జరపాలి, ఇందాకటి రెట్టింపు దూరపు పొరతో పోలిస్తే విస్తీర్ణం 7,400 రెట్లు పెరుగుతుంది. బుధగ్రహమంతా పరిచినా చదరపు మీటరుకు 39 మిల్లీగ్రాములే. జిరాక్స్ కాగితంలో రెండు వేల వంతు. ఇంతా చేస్తే వచ్చే లాభం? ఆలోచన 9 రెట్లు. చలి కోసం నక్షత్రాల మధ్య చీకట్లోకి పోతారు, గెలాక్సీ అంచుల్లో కాపురం పెడతారు అనే వాదనలు ఈ బేరం దగ్గర బలహీనపడతాయి. 2017లో ఇంకో అడుగు ముందుకేసి, విశ్వం బాగా చల్లబడేదాకా వాళ్ళు నిద్రపోతున్నారేమో అన్న ప్రతిపాదన వచ్చింది. దానికి 2019లో చార్లెస్ బెన్నెట్, రాబిన్ హాన్సన్, జెస్ రీడెల్ సమాధానమిచ్చారు: చెరిపే భారాన్ని ఇప్పుడే వదిలించుకునే దారులున్నప్పుడు కాచుకుని కూర్చోవడంలో లాభం లేదని. ఇదే బెన్నెట్ 1973లో, ఏదీ చెరపకుండా వెనక్కి తిప్పగలిగేలా లెక్కలు చేయొచ్చని చూపించాడు. అది లాండావర్ హద్దుని తప్పించే దారే. కాకపోతే దానికి నెమ్మదిగా నడవాలి. పైగా రేడియేషన్ తగిలి తారుమారైన బిట్‌లను సరిచేయడమంటే తప్పు సమాచారాన్ని చెరపడమే. చెత్త ఊడ్చే ఖర్చు ఎటూ తప్పదు.

నక్షత్రాన్ని ఇలా కమ్మేసే పొరకు డైసన్ గోళం అని పేరు. ఆ పేరు వినగానే బొమ్మల్లో కనిపించే గట్టి డబ్బా మాత్రం కుదరదు. ఒకే మందమున్న బోలు గోళం మీద లోపలి నక్షత్రం ఆకర్షణ నికరంగా సున్నా. ఏ చిన్న తోపుకైనా గోళం ఒక పక్కకి జరుగుతూ పోయి చివరికి నక్షత్రానికే తగులుతుంది. వెనక్కి లాగే బలం ఉండదు. డైసన్ ఉద్దేశం కూడా డబ్బా కాదు, విడివిడిగా తిరిగే కోటానుకోట్ల పలకల గుంపు. గుంపుకి వేరే జబ్బు ఉంది. లెక్కలేనన్ని కక్ష్యలు ఒకదాన్నొకటి దాటుతుంటాయి, ఎవరో ఒకరు నిత్యం దారి సర్దుతూ ఉండాలి. సర్దడం ఆగితే ఒక ఢీ వంద ముక్కలవుతుంది, వంద ముక్కలు ఇంకో పదివేలవుతాయి, చివరికి గుంపంతా ధూళి. వదిలేసి వెళ్ళిన కట్టడం దూరం నుంచి మామూలు ధూళి వలయంలాగే కనిపిస్తుంది. వెతికేవాళ్ళకు ఇది నిజమైన తలనొప్పి. దీనికొక విరుగుడుంది. పలక చదరపు మీటరుకు 0.77 గ్రాములకు మించకుండా, పడిన కాంతినంతా పీల్చేలా ఉంటే, సూర్యకాంతి తోపు సూర్యుడి ఆకర్షణకు సరిగ్గా సరిపోతుంది. కక్ష్యే అక్కర్లేదు, ఉన్నచోటే వేలాడుతుంది.

రెండో కట్టుబాటు కాంతి వేగం. నా దృష్టిలో రూపాన్ని నిర్ణయించడంలో వేడికన్నా ఇదే గట్టిది. మన మెదడు ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 15 సెంటీమీటర్లు, నరాల వేగంతో దాటడానికి ఒకటిన్నర మిల్లీసెకను. అదే వ్యవధిలో కాంతి 450 కిలోమీటర్లు పోతుంది. మన తీరులో, మన వేగంతో ఆలోచించే మనసు, సంకేతాలు కాంతి వేగంతో పంపుకుంటే, హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం దారిలో విశాఖ దరిదాపుల దాకా పరుచుకుని కూడా ఒకే మనసుగా ఉండగలదు. వేగం పెంచేకొద్దీ ఒళ్ళు కుదించుకోవాలి. నానోసెకనుకు (సెకనులో వంద కోట్లో వంతు) ఒక లెక్క ముగించే యంత్రంలో ఆలోపు సంకేతం చేరగలిగేది 30 సెంటీమీటర్లే.

ఇప్పుడు ఆ నాలుగు కాగితాల పలకల గుంపుకి రండి. ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు కాంతి 33 నిమిషాలు. మనకన్నా పది లక్షల రెట్లు వేగంగా ఆలోచించే మనసులు అందులో ఉన్నాయనుకుంటే, వాళ్ళ లెక్కన ఆ 33 నిమిషాలు 63 ఏళ్ళు. ఉత్తరం వేస్తే జవాబు మనవడు అందుకోవాలి. నక్షత్రమంత పెద్ద "ఒకే మహా మెదడు" అన్న మాట అందుకే నిలవదు. 1990ల్లో రాబర్ట్ బ్రాడ్‌బరీ ఊహించిన ఉల్లిపొరల కంప్యూటర్, అంటే లోపలి పొర వదిలిన వేడితో బయటి పొర నడిచే ఏర్పాటు, కట్టగలిగినా అది ఒక మనిషిలా ఉండదు. యాసలు వేరైపోయిన దేశాల గుంపులా ఉంటుంది. పక్క నక్షత్రానికి వలస పోవడం ఇంకా దండగ. నాలుగు కాంతి సంవత్సరాల దూరం వాళ్ళ గడియారంలో 40 లక్షల ఏళ్ళ పైమాటే.

మనుషులున్న ఓడల సంగతి ఈ లెక్కల్లో ముందే ఎగిరిపోతుంది. వెయ్యి టన్నుల ఓడను కాంతి వేగంలో పదో వంతుకు తేవాలంటే 4.5 × 10²⁰ జౌళ్ళు, ఇంచుమించు ప్రపంచమంతా ముప్పావు ఏడాదిలో వాడే శక్తి. ఆగడానికి మళ్ళీ అంత. కిలో బరువున్న పరికరమైతే లక్ష టన్నుల టీఎన్‌టీకి సమానం, ఒక నక్షత్రం ఉన్నవాళ్ళకి చిల్లర. ఆ వేగంలో మైక్రోగ్రాము ధూళిరేణువు తగిలినా వంద గ్రాముల టీఎన్‌టీ పేలినట్టే. అందుకే ముందు కవచం పెట్టి, ఒకటి బదులు వందలు పంపి, జ్ఞాపకాన్ని కనీసం మూడు కాపీలుగా ఉంచి రెండు ఒప్పుకున్నదే నిజమని తేల్చుకోవాలి. మన దగ్గరికి ఏదైనా వచ్చి ఉంటే అది చిన్నది, నిశ్శబ్దమైనది అయ్యుంటుంది. 1980ల మొదట్లో భూమి–చంద్రుల లాగ్రాంజ్ బిందువుల దగ్గర (రెండిటి ఆకర్షణ మధ్య వస్తువు నిలకడగా ఉండగల చోట్లు) ఇలాంటివి ఉన్నాయేమోనని ఫొటోలు తీసి వెతికారు. ఏమీ దొరకలేదు.

వెతికే పద్ధతి దగ్గరికి వద్దాం. 279 కెల్విన్ వస్తువు 10.4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువ వెలుగుతుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సూర్యుడిలాంటి తార తనంతట తాను అక్కడ చాలా మసక. అందుకని పలకలు నక్షత్రంలో ఒక్క శాతం కాంతిని మూసినా 12 మైక్రాన్ల దగ్గర మొత్తం వెలుగు దాదాపు ఏడు రెట్లవుతుంది. మామూలు కాంతిలో ఆ ఒక్క శాతం తగ్గుదల ఎవరికీ అనుమానం రానివ్వదు. ఇక పని ఇలా సాగుతుంది: గయా ఉపగ్రహం ఇచ్చిన దూరం తీసుకుని తార అసలు వెలుగు తేల్చాలి. 1.2 నుంచి 2.2 మైక్రాన్ల కొలతలతో తార ఉష్ణోగ్రతకు తగ్గ వంపు గీయాలి. పరారుణంలో ఆకాశాన్ని చూసిన వైజ్ ఉపగ్రహం కొలిచిన 3.4, 4.6, 12, 22 మైక్రాన్ల చుక్కలు ఆ వంపు మీద కూర్చున్నాయో, పైకి లేచాయో చూడాలి. లేస్తే పండగ చేసుకోకూడదు, అప్పుడే అసలు పని మొదలవుతుంది.

మోసం చేసేవి నాలుగైదు. కుర్ర తార చుట్టూ ఉండే ధూళి పళ్ళెం. తార వర్ణపటంలో హైడ్రోజన్ ఎర్ర గీత మెరిస్తే కుర్రదేమోనని అనుమానించాలి. దగ్గర్లో నెబ్యులా, అంటే ధూళి, వాయువుల మేఘం, చిత్రం కళ్ళతో చూస్తే దొరుకుతుంది. ధూళి వలయం, ఇసుకలాంటి సిలికేట్ రేణువులకు 10, 18 మైక్రాన్ల దగ్గర బుడిపెలు వస్తాయి, చదునైన పలకకు రావు. దీనికి వర్ణపటం తీయాలి, జేమ్స్ వెబ్‌లోని మిరి పరికరం 5 నుంచి 28 మైక్రాన్ల దాకా చూడగలదు. అన్నిటికన్నా దొంగ మాత్రం వెనక ఉన్న గెలాక్సీ. వైజ్ చూపు 12 మైక్రాన్ల దగ్గర ఆరున్నర ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు), 22 దగ్గర 12 ఆర్క్‌సెకన్లు. అంత మసక చుక్కలో తార వెనక ఒక గెలాక్సీ దాక్కుంటే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

2024లో జరిగింది ఇదే. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం నుంచి నడిచే హెఫైస్టోస్ ప్రాజెక్టు 50 లక్షల తారలు జల్లెడపట్టి ఏడింటిని మిగిల్చింది. అన్నీ ఎర్ర మరుగుజ్జులే, అంటే సూర్యుడికన్నా చిన్న, చల్లని తారలే, అలాంటి తారల చుట్టూ ఇంత వెచ్చని ధూళి అరుదు కాబట్టి ఆసక్తి పెరిగింది. పత్రికల్లో అప్పుడే "డైసన్ గోళాలు దొరికాయి" అని శీర్షికలు వచ్చేశాయి. అదే ఏడాది ఇంకో బృందం పాత రేడియో సర్వేలతో పోల్చి చూస్తే ఏడింటిలో మూడింటి పక్కనే రేడియో మూలాలు బయటపడ్డాయి. ధూళిలో కూరుకుపోయిన దూరపు గెలాక్సీలకు సరిపోయే తీరు అది. 50 లక్షల తారల్లో కొన్నిటి వెనక అలాంటివి యాదృచ్ఛికంగా పడటం వింతేమీ కాదు. మిగతా నాలుగింటికీ అదే కారణం చాలు అని ఆ బృందం లెక్క.

టాబీ తార గొడవ కూడా ఈ కోవదే. కెప్లర్ టెలిస్కోప్ చూస్తుండగా దాని వెలుగు ఒకసారి 22 శాతం దాకా పడిపోయింది. 2018లో రంగు రంగునా కొలిచి చూస్తే నీలం ఎక్కువ తగ్గింది, ఎరుపు తక్కువ. గట్టి పలక అడ్డొస్తే అన్ని రంగులూ సమానంగా తగ్గాలి. మైక్రాన్‌కన్నా సన్నని ధూళి మాత్రమే నీలాన్ని ఎక్కువ ఆపుతుంది. 2019లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్‌కు మనకు అతి దగ్గరి తార ప్రాక్సిమా దిక్కు నుంచి 982 మెగాహెర్ట్జ్ దగ్గర తగిలిన సంకేతం, తనిఖీ చేశాక 2021లో, భూమ్మీది పరికరాల కలగలుపే అని తేలింది.

గెలాక్సీల స్థాయిలో జవాబు ఇంకా స్పష్టం. 2015లో పెన్ స్టేట్ బృందం వైజ్ కొలతల నుంచి ఏరిన లక్ష గెలాక్సీల్లో నక్షత్రకాంతిలో 85 శాతానికి మించి వేడిగా మార్చేస్తున్నది ఒక్కటీ లేదు. సగానికి మించినవి 50 ఉన్నాయి, వాటికి ధూళే చాలు. గెలాక్సీనంతా మింగే సమాజాలు ఉంటే చాలా అరుదన్నమాట.

ఈ వలకు దొరకనిది ఇంకోవైపు ఉంది. పొదుపు మరిగిన సమాజం ఒకటి, వెయ్యి కోట్ల మనసులతో, మన మెదడులాగే తలా 20 వాట్లతో సరిపెట్టుకుంటుందనుకోండి. మొత్తం 20 వేల కోట్ల వాట్లు. సూర్యుడి నుంచి భూమ్మీద పడేదాంట్లో ఇది పది లక్షల్లో ఒక వంతు. ఆ వేడి తన గ్రహం సొంత వేడిలోనే కలిసిపోతుంది. దాన్ని విడదీసి చూపే పరికరం వైజ్‌లోనూ లేదు, జేమ్స్ వెబ్‌లోనూ లేదు.